స్టాండు కాడ బానెట్లు లేపిన రోజు

"అమ్మమ్మ, కార్ల వైర్‌లెస్ సెట్టు బిగిద్దామనుకుంటున్న. సిగరెట్ లైటర్ సాకెట్‌ల గుచ్చితె అయిపోతది గదా? నువ్వు జీపుల ఎట్ల బిగించినవ్?"

అయిపోతది. కారే అయిపోతది. నవ్వకు, నిజమే చెప్తున్న. జర ఆ కుర్చీ ఇటు జరుపు, ఎండ కండ్లల్ల కొడుతున్నది. ఆ... ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు పెట్టు. మీ అమ్మ వింటె మాత్రం మల్ల మొదలు పెడుతది, ముసలిదాని మాట విని కారు కరాబు చేసుకుంటున్నవని. వినని. నేను ఎవరికన్న భయపడ్డనా ఇన్నేండ్ల బతుకుల?

నీకు లెక్కలు గబగబ వస్తయి గదా. చెప్పు, నీ సెట్టు మాట్లాడేటప్పుడు ఎంత కరెంటు గుంజుతది?

"ఫుల్ పవర్ మీద పది, పన్నెండు ఆంపియర్లు."

మరి ఆ సాకెట్ ఎనుక తీగ ఎంత సన్నగుంటదో చూసినవా? అది సిగరెట్ ముట్టిచ్చుకునేటందుకు పెట్టిన్రు. ఫోను చార్జింగ్ పెట్టుకో, ఎవరొద్దన్నరు. సెట్టు అట్ల కాదు. నువ్వు బటన్ ఒత్తంగనె తీగ వేడెక్కుతది, వోల్టేజ్ పడిపోతది, అవతల వినేటోళ్లకు నీ గొంతు గొరగొర అంటది. గందుకు సీదా బ్యాటరీ కాడికే పోవాలె. లావు తీగ. ఎర్రది ప్లస్సుకు, నల్లది మైనస్సుకు, బ్యాటరీకి జానెడు దూరంల ఫ్యూజు. జానెడంటె నా జానెడు, నీ పొడుగు ఏళ్ల జానెడు కాదు.

ఎందుకంటె, అందరు అనుకుంటరు ఫ్యూజు సెట్టును కాపాడుతదని. కాదే. అది తీగను కాపాడుతది. తీగ ఏడనో రేకుకు రాసుకొని తొక్క పోయిందనుకో, బ్యాటరీల ఉన్న బలమంత ఆ తీగలకెల్లి ఉరుకుతది. ఎర్రగ కాలుతది. ఫ్యూజు బ్యాటరీ పక్కకు ఉంటె టప్పున తెగి కథ ఆడనె ఖతం. అదే ఫ్యూజు సెట్టు ఎనుక పెట్టినవనుకో, బ్యాటరీ నుంచి సెట్టు దాకా తీగకు దిక్కెవరు? నేను ఈ ముచ్చట అప్పుడు స్టాండు కాడ మందందరి ముందర చెప్పిన. చెప్పుడు కాదు, చేసి చూపెట్టిన.

ఏ స్టాండా? చేవెళ్ల జీపుల స్టాండు. ఇప్పుడు ఆడ మొబైల్ దుకాండ్లు, చికెన్ సెంటర్లు ఉన్నయి గదా, ఆ జాగల. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా మా జీపు తిరుగుతుండె. సీటుకు రెండు రూపాలు... ఆగు, మొదట్ల రూపాయిన్నర. మీ తాత పొద్దుగాల నడుపుతుండె, పగటాల కెల్లి నేను. మీ తాతకు మోకాలు నొప్పి, క్లచ్ తొక్కి తొక్కి వాచిపోతుండె. ఆడమనిషి స్టీరింగ్ పట్టిందంటె ఏమంటరు? అన్నరు. మొదట్ల సవారీలు నన్ను చూసి దిగిపోతుండిరి. తర్వాత నా జీపుకే ఆగుతుండిరి, ఎందుకంటె నేను పిడుకలు కుక్కినట్టు మనుషులను కుక్కకపోతుంటి.

జీపు కంటె ముందు నేను టెలిఫోన్ ఎక్స్చేంజ్‌ల చేసేదాన్ని, నీకు తెలుసు. చెవులకు డబ్బాలు పెట్టుకొని, పిన్ను తీసి పిన్ను పెట్టి, చుట్టు ఊర్ల గొంతులన్ని విన్న. తర్వాత ఆటోమేటిక్ మిషన్ వచ్చింది, మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు. ఆడ మా మాస్టర్ ఒకాయన ఉంటుండె, గండిపేట దిక్కు ఇల్లు. ఆయనకు హ్యామ్ రేడియో పిచ్చి, ఇంట్ల సెట్టు పెట్టుకొని దూరదూరపోళ్లతోని గాలిల మాట్లాడుడు. "నీ చెవులు మంచిగున్నయమ్మా, పరీక్ష రాయి" అన్నడు. రాసిన. టక్ టక్ కోడు నేర్చుకున్న, రొట్టెలు కొట్టుకుంట నేర్చుకున్న. లైసెన్స్ వచ్చింది. నాకొక కాల్ సైన్ ఇచ్చిన్రు, గాలిల నన్ను పిలిచే పేరు.

నీకు ఇప్పుడు అది మామూలు ముచ్చట. నాకు కాదు. రేషన్ కార్డుల మీ తాత పేరు, జీపు కాయిదాలల్ల మీ తాత పేరు, ఊర్లె నన్ను పిలిస్తె ఫలానోని పెండ్లాం, ఫలానోని కోడలు. ఆ కాల్ సైన్ ఒక్కటే నాది. నేను పలికితె అవతల ఎవరో అదే పలికి జవాబిస్తరు. ఇంక దేనికీ నాకు జవాబు రాకపోతుండె బిడ్డ... నీళ్లు ఇయ్యి జర.

ఆ. సెట్టు జీపుల ఎందుకంటవా? ఇంటి కాడ నేనెప్పుడున్న? బతుకంత జీపులనే. మొయినాబాద్ దాటి చేవెళ్ల దిక్కు వస్తుంటె రోడ్డు మీదికెక్కుతది చూడు, ఆ ఎత్తు మీద ఖాళీ జీపు ఆపి పిలిస్తె గండిపేటల మాస్టర్ పలుకుతుండె. పాత సెట్టు ఆయననే ఇప్పిచ్చిండు.

బిగించేటందుకు మెకానిక్ కాడికి పోతె ఆయన తాళంచెవి కాడి తీగకు ముడేస్తనన్నడు. ఐదు నిమిషాల పనన్నడు. వద్దన్న. నేనే బిగించిన. బానెట్ కింద బ్యాటరీ నుంచి లోపటికి రావాలంటె రేకుల బొక్క ఉంటది గదా, ఆ బొక్క అంచు కత్తి లెక్క. తీగ ఆడ రాసుకుంటది. దానికి రబ్బరు రింగు దొరుకుతది, నాకాడ లేకుండె. తెగిన హవాయి చెప్పు కోసి, నడుమ బొక్క పెట్టి, అంచుకు బిగించిన. మీ తాత నా కాళ్ల దిక్కు చూసి, "ఇంకో చెప్పు ఏం చేస్తవ్?" అన్నడు. "నీకోసం దాచిపెడుతున్న" అన్న. తీగ చుట్టు సైకిల్ ట్యూబు తొడిగిన. రెండు తీగలకు రెండు ఫ్యూజులు, డబ్బీలల్ల గాజు గొట్టాలు, ఒక్కోటి పదిహేను ఆంపియర్లది. మైనస్సుకు ఎందుకని అడుగుతవని తెలుసు. ఇంజన్‌కు బ్యాటరీకి నడుమ లావు పట్టీ ఉంటది చూడు, అది ఊడిందనుకో, స్టార్టర్ గుంజే కరెంటంత తిరిగి నీ సెట్టు నల్ల తీగల నుంచి పోతనంటది. గందుకు.

ఇగ జంగయ్య ముచ్చట. స్టాండుకు పెద్ద ఆయననే. ఏ జీపు ముందు, ఏ జీపు ఎనుక, ఆయన చెయ్యి ఊపితెనె లైను కదులుతుండె. నన్ను వదినె అని పిలుస్తుండె, నోటికి మంచోడే. ఒక దినం వచ్చి, "వదినె, నీ డబ్బ మస్తు పనికొస్తది. మొయినాబాద్ కాడ చెకింగోళ్లు నిలబడ్డరనుకో, నువ్వు దాంట్ల చెప్పు. ఈడ ఇంకో డబ్బ పెడుదం. మావోళ్లు ఎక్కువున్న సవారీలను ముందే దించి పోతరు" అన్నడు.

"దాంట్ల దందా ముచ్చట మాట్లాడొద్దు జంగయ్య, లైసెన్స్ పోతది" అన్న.

"ఎవరు వింటరు వదినె?"

"అందరు వింటరు. వినేటందుకే గదా అది ఉన్నది."

మొకం మాడ్చుకున్నడు. ఆ రోజు నుంచి నా జీపు లైన్ల ఎప్పుడు చూసినా ఎనుకనే. నేను ఊకున్న. సెట్టైతె నా చేతుల ఉన్నది గదా అనుకున్న.

మల్ల దసరా వచ్చింది. దసరాకు స్టాండుల జీపులన్ని కడిగి, బంతిపూలు కట్టి, బానెట్లు లేపి పూజ చేస్తరు. కొబ్బరికాయ కొట్టి నీళ్లు ఇంజన్ మీద సల్లుతరు. టైరు మీద సల్లితె దేవునికి అందదా? ఆహా, ఇంజన్ మీదనే సల్లాలె. మీ తాత భక్తి ఎక్కువ, రెండు కాయలు కొట్టిండు. ఆ తీపి నీళ్లు పోయి పోయి నా ఫ్యూజు డబ్బీలకే పోయినయి. పండుగ తర్వాత నేను బటన్ ఒత్తితె సెట్టు ఆరిపోతున్నది. వదిలితె వెలుగుతది, ఒత్తితె ఆరుతది. డబ్బీల పచ్చగ చిలుము పట్టింది. కొత్త డబ్బీ పట్నం పోయి తేవాలె అనుకునేలోపల్నె ఒక పొద్దున సెట్టు మంచిగైంది. అడిగితె మీ తాత, "ఉప్పుకాగితం పెట్టి రుద్దిన" అన్నడు. సంబరపడ్డ. ఆ పూట చారు కూడ ఎక్కువ పోసిన ఆయనకు.

గా దినాలల్లనే సత్తయ్య జీపు కాలింది. ఎంకపల్లి కాడ. పాటల డబ్బ పెట్టించుకున్నడు సత్తయ్య, క్యాసెట్లది. నడుస్తనె డ్యాష్ బోర్డు కింద పొగ, మల్ల మంట. సవారీలు దుంకిన్రు. దేవుని దయ, ఎవరికీ ఏం కాలే. జీపు మాత్రం నల్లగ చట్రం మిగిలింది. సత్తయ్య రోడ్డు పక్కన కూసొని గడ్డిపోచ లెక్క ఊగుతున్నడు. నేనే నా జీపుల ఇంటి కాడ దించిన.

తెల్లారి స్టాండుల మీటింగు పెట్టిండు జంగయ్య. డ్రైవర్లందరు ఉన్నరు. "జీపుకు కంపెనీ ఇచ్చిన తీగలు తప్ప ఇంకో తీగ ఉండొద్దు" అన్నడు. అని నా దిక్కు తిరిగిండు. "వదినె, నీ డబ్బ పీకెయ్. పీకినంక జీపు లైన్ల పెట్టు. లేకుంటె ఈ స్టాండుల సవారీలు ఎక్కియ్యద్దు."

మీ తాత నా కొంగు గుంజి, "పోనియ్యవే, పీకేద్దం, తిండి ముఖ్యం" అన్నడు మెల్లగ. తిండి ముఖ్యమే. మీ అమ్మ అప్పుడు బడికి పోతున్నది. నాకు తెల్వదా? కానీ ఒక్కటి చెప్తున్న, ఆ రోజు నేను పీకిన్నంటె, మల్ల జన్మల బిగించకపోదును. వాళ్లు బిగించనియ్యకపోదురు.

"పీకను" అన్న. "కాలేది తీగతోని కాదు జంగయ్య, ఫ్యూజు లేని తీగతోని. నా జీపు చూడు. నా తీగను మీ అందరి ముందర రేకుకు కొడుత. మంట వస్తె జీపు మీకే ఇడిసిపెట్టి నడుసుకుంట పోత. రాకపోతె నా నంబర్ నాకు కావాలె, ముందర నంబర్."

"ఓ, సర్కస్!" అన్నడు ఎవడో. మంది జమైన్రు. చాయ్ హోటలాయన స్టవ్వు ఇడిసిపెట్టి వచ్చిండు.

బానెట్ లేపిన. ముందుగాల్ల ఫ్యూజు మంచిగున్నదా లేదా చూపెడుదమని ఎర్ర తీగ డబ్బీ ఇప్పిన. గాజు గొట్టం ఉన్నది. దాని మీద, ఈ కొస నుంచి ఆ కొసకు, రాగి తీగ చుట్టి ఉన్నది. నిగనిగ మెరుస్తున్నది. నేను చుట్టింది కాదు.

అర్థమైందా? ఆ తీగ ఉన్నప్పుడు నేను రేకుకు కొట్టి ఉంటె సత్తయ్య జీపు పక్కన నా జీపు.

జంగయ్య తల వంచి చూసిండు. చూసి చప్పట్లు కొట్టిండు. "చూసిన్రా! చూసిన్రా వదినె చదువు! మనకు ఫ్యూజు పాఠం చెప్పవట్టె, తనది మాత్రం తీగతోని కట్టింది!" ఇగ నవ్వుడే నవ్వుడు.

మా రోజులల్ల మొగని పేరు నోట్లె నుంచి తీయకపోయేది, నీకు తెలుసు గదా. ఇంటాయన, మా ఆయన, అంతే. ఆ రోజు నేను స్టాండు నడుమ నిలబడి, "రాములూ!" అని పిలిచిన. నవ్వులన్ని ఆగినయి. హోటలాయన నోరు తెరిచిండు.

"రాములూ, ఇది నువ్వు చుట్టినవా?"

మీ తాత మొకం చూడాలె నువ్వు. "సెట్టు ఆరిపోతుంటె నువ్వు రోజు మొకం ముడుచుకుంటుంటివి. రుద్దితె కాలే. గందుకని..." అన్నడు. "నీకోసమే చుట్టిన."

నాకోసమేనట. కోపం రావాలె, వచ్చింది కూడ. కానీ అందరి ముందర ఆ మాటన్నడు గదా, ఇగ ఏమంట? రాగి తీగను గోరుతోని ఇప్పి, చేతుల పట్టుకొని అందరికి చూపెట్టిన. "నా మొగుడు ప్రేమతోని చుట్టిండు. ప్రేమ మంచిదే. కానీ కరెంటుకు ప్రేమ తెల్వది" అన్న. ఈసారి నవ్వు నా దిక్కు తిరిగింది.

చిలుము గీకిన. నా సంచిల కొత్త గాజు ఫ్యూజులు రెండు ఎప్పటికీ ఉంటుండె, పసుపు కుంకుమ పొట్లం పక్కన. ఒకటి తీసి పెట్టిన. సెట్టు ఎనుక నుంచి ఎర్ర తీగ ఊడబీకిన. మీ తాత, "వద్దే, వద్దే" అంటున్నడు. నువ్వు మాత్రం ఎన్నడు ఈ పని చెయ్యకు. నేను కోపంల చేసిన. తీగ కొస పట్టుకొని పొయ్యి, సీటు కింద రంగు లేని బోల్టుకు తాకిచ్చిన.

టప్పుమన్నది. కొస కాడ ఒక్క మెరుపు. అంతే.

అందరు ఒక అడుగు ఎనుకకు దుంకిన్రు. దుంకి, ఆగి, వాసన చూస్తున్నరు. పొగ లేదు. తీగను చేతుల పట్టి చూసిన, చల్లగున్నది. జంగయ్య చేతుల పెట్టిన, పట్టుకో అన్న. పట్టుకున్నడు. బానెట్ కాడికి పోయి గాజు గొట్టం తీసి చూపెట్టిన, లోపల నల్లగ మాడి తెగింది. "ఇగో, కాలాల్సింది ఇది కాలింది. జీపు కాలలే" అన్న.

ఆడికి ఊకుంటె అయిపోతుండె. నేను ఊకుంటనా?

"ఇప్పుడు మీ బానెట్లు లేపుండ్రి" అన్న. "సత్తయ్య జీపు పాటల డబ్బతోని కాలలే. ఫ్యూజు జాగల ఏం పెట్టుకున్నడో అడుగుండ్రి."

సత్తయ్య ఎనుక నిలబడ్డడు. తల దించుకొని, "మొల" అన్నడు. ఇనుప మొల. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని మొల పెట్టుకున్నడు.

ఒక్కొక్కటి లేపవట్టిరి బిడ్డ. వరుసగ. ఒకనిదాంట్ల సిగరెట్ డబ్బీల వెండి కాయిదం మడతపెట్టి ఉన్నది. ఇంకొకనిదాంట్ల గుండుసూది. ఒకడైతె పెండ్లాం పట్టీల గజ్జె తెంపి పెట్టిండు, ఆమె ఇంటి కాడ అది ఏడ పోయిందని దేవులాడుతున్నదట! నవ్వలేక సచ్చిన్రు అందరు. ఆఖరుకు జంగయ్య జీపు. ఆయన, "నాది తర్వాత చూద్దం" అన్నడు. హోటలాయన పోయి తనే లేపిండు. దాంట్ల బొత్తిగ ఫ్యూజే లేదు, రెండు తీగలు పట్టుకొని ముడేసి, మీద బొట్టు పెట్టి ఉన్నది. దసరా బొట్టు.

జంగయ్య తప్పయిందనలే. అనేటోడు కాదు. జేబుల నుంచి రుమాలు తీసి మొకం తుడుచుకొని, "సరె, ఎవడి ఫ్యూజు జాగల ఏదన్న పెట్టుకుంటె వాని జీపుకు రేపటి నుంచి నంబర్ లేదు" అన్నడు, ఆ ముచ్చట తనకే తోచినట్టు. నేను అననిచ్చిన. నాకు కావాల్సింది దొరికింది. చెయ్యి ఊపిండు, నా జీపు లైన్ల ముందుకొచ్చింది. సవారీలు ఎక్కిన్రు.

మొయినాబాద్‌ల సవారీలు దిగినంక వాపసు ఖాళీ జీపు. ఆ ఎత్తు మీద ఆపిన. మీ తాత పక్కన కూసున్నడు. నేను ఇంకో ఫ్యూజు పెట్టి, ఎర్ర తీగ బిగించి, బటన్ ఒత్తి నా కాల్ సైన్ పలికిన. సెట్టు ఆరలే. మాస్టర్ అవతల నుంచి నా కాల్ సైన్ పలికి, "ఈయ్యాల గొంతు గట్టిగున్నదమ్మా" అన్నడు.

మీ తాత నా దిక్కు చూసి, "రాములూ అని ఒర్రితివి గదా, గొంతు సాఫైంది" అన్నడు.

ఆ తర్వాత దసరా నుంచి మా స్టాండుల రివాజు మారింది. పూజకు ముందు బానెట్లు లేపి, ఒకల ఫ్యూజులు ఒకలు చూస్తుండిరి. కొబ్బరి నీళ్లు టైర్ల మీదనే. జంగయ్యనే దగ్గరుండి, "ఏయ్, ఇంజన్ మీద పొయ్యకు, వదినె తిడుతది" అని ఒర్రుతుండె. జీపులు పోయినయి, ఆటోలొచ్చినయి, ఆ జాగల ఇప్పటికీ కొందరు టైరుకే పోస్తరు. ఎందుకు పోస్తున్నరో ఆళ్లకు తెల్వది.

ఇగ లే. బానెట్ లేపు. మీ అమ్మ వస్తె నేను మాట్లాడుత, నువ్వు తీగ వదలకు. ఇటు నుంచి... ఆగు ఆగు, బ్యాటరీ దిక్కు కాదు, ముందుగాల్ల సెట్టు దిక్కు బిగించు. ఫ్యూజు ఆఖరుకు. అది పెట్టేదాక తీగల పానం ఉండొద్దు. రబ్బరు రింగు తెచ్చుకున్నవా? మంచిది, చెప్పులు మిగిలినయి. ఏదీ ఆ ఫ్యూజు, ఇటియ్యి. గాజు గొట్టాలు పోయి రంగు పలకలు వచ్చినయి ఇప్పుడు. ఎన్ని ఆంపియర్లు రాసున్నది? నా కండ్లకు ఆనుతలేదు.

"పదిహేను, అమ్మమ్మ."

ఆ. నీ సంచిల ఇంకో రెండు ఏసుకో.

చల్లగుండు బిడ్డ. నీ గొంతు నీ పేరు మీదనే పోవాలె, ఎంత దూరం పోతదో అంత దూరం. దొంతన్‌పల్లిల మీ కాలేజోళ్లు నవ్వుతరు, మీ అమ్మ వద్దంటది, రేపు పెండ్లయితె ఆడ కూడ ఎవడో ఒకడు కార్ల ఈ డబ్బ ఎందుకు, పీకెయ్ అంటడు. అంటె లొల్లి పెట్టకు. మెల్లగ చెప్పు, సరె, ముందుగాల్ల నీ బానెట్ లేపు, చూద్దం అని... ఆ స్క్రూ ఇంకొంచెం తిప్పు. ఇంకొంచెం. ఆ... గట్ల.